కంపైలర్ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు

పోయిన దసరా సెలవులకి ఊరెళ్ళాను. మాది నెల్లికుదురు. ఒకప్పుడు వరంగల్ జిల్లా అని చెప్పుకునేవాళ్ళం, 2016 అక్టోబరు నుంచి మహబూబాబాద్ జిల్లా అయింది (మా నోట్లో మాత్రం అది ఇప్పటికీ మానుకోటే). ఇంట్లో ఆడవాళ్ళంతా బతుకమ్మ పేర్చే హడావుడిలో ఉంటే, మా మేనల్లుడు ల్యాప్‌టాప్ పట్టుకుని నా పక్కన చేరాడు. బీటెక్ మూడో సంవత్సరం, కంప్యూటర్ సైన్సు.

"మామా, నేను ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూటర్ అయిన" అన్నాడు.

సంతోషపడి ఏదీ చూపించమన్నాను. ఒక పేరున్న ప్రాజెక్టులో రీడ్‌మీ ఫైలు తెరిచి, ఒక వాక్యం చివర ఫుల్‌స్టాప్ పెట్టి పంపాడు. అంతే. ఆ ప్రాజెక్టువాళ్ళు దానికి స్పామ్ అని ముద్ర వేసి మూసేశారు.

"ఇదేందిరా?"

"మూసేసిన్రు గనీ మామా, పంపినట్టు రికార్డు ఉంటది గదా. రెజ్యూమేల పెట్టుకోవచ్చు. మా క్లాసుల అందరు గిట్లనే చేసిన్రు."

వాడిని తిట్టబోయి ఆగాను. వాడి తప్పు ఎంత, వాడికి అలా చెప్పిన పెద్దవాళ్ళ తప్పెంత? 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో టీషర్టు కోసం ఇలాంటి పనికిరాని మార్పులు వేలకొద్దీ వచ్చి పడ్డాయి. నిర్వాహకులు కార్యక్రమం మధ్యలోనే నియమాలు మార్చుకోవాల్సి వచ్చింది. అప్పుడు చాలామంది వేళ్ళు మన దేశపు విద్యార్థుల వైపే చూపించాయి. అది చదివినప్పుడు నాకు సిగ్గేసింది. రేపు నిజంగా పనిచేసే కుర్రాడు ఒక మంచి మార్పు పంపితే, వాడి పేరు చూడగానే అవతలివాడికి అనుమానం వస్తే ఆ నష్టం ఎవరిది?

"మరి ఏం చెయ్యాలె మామా? ఈ సెమిస్టర్ల కంపైలర్ డిజైన్ సబ్జెక్టు ఉంది. ఫస్ట్ సెట్లు, ఫాలో సెట్లు బట్టీ కొడుతున్న. అసొంటి వాటిల పనిచేసుడు పీహెచ్‌డీ చేసినోళ్ళకే గదా?"

ఇదిగో, ఈ మాట దగ్గరే నాకు పేచీ. పదేళ్ళు ఉద్యోగం చేసినవాళ్ళు కూడా ఇదే అంటారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి కంపైలర్ మీద బతుకుతూ, దాని లోపలికి తొంగిచూడాలంటే మాత్రం అదేదో గర్భగుడి అయినట్టు గడప బయటే ఆగిపోతాం. నా అభిప్రాయం ఇది: కంపైలర్లో పనిచెయ్యడానికి కంపైలర్ మొత్తం తెలియక్కర్లేదు. ఒక్క మెట్టు తెలిస్తే చాలు. కాకపోతే ఆ ఒక్క మెట్టూ నిజంగా తెలియాలి.

ఆ మెట్లేంటో మావాడికి ఆ రోజు ఒక్క లైనుతో చెప్పాను. మీకూ అదే చెబుతాను. కిలో ధర తెలుసు, మూడు కిలోలు కొన్నాం, సంచికి అయిదు రూపాయలు:

మొత్తం = ధర * 3 + 5

కంపైలర్‌కి ఇది మొదట వట్టి అక్షరాల వరస. లెక్సర్ అనే భాగం దీన్ని ముక్కలు చేస్తుంది. మొత్తం, =, ధర, *, 3, +, 5. ఏడు ముక్కలు. వీటిని టోకెన్లంటారు. మధ్యలో ఖాళీలు, కామెంట్లు చాలావరకు ఇక్కడే రాలిపోతాయి (పైథాన్‌లో లైను మొదట్లో వచ్చే ఖాళీలకి అర్థముంది కాబట్టి అవి కూడా టోకెన్లవుతాయి). లెక్సర్‌కి అర్థంతో పనిలేదు. "5 + * =" అని రాసినా బుద్ధిగా ముక్కలు చేసి పక్కవాడికి అందిస్తుంది.

ఆ పక్కవాడు పార్సర్. ముక్కల్ని చెట్టుగా కడతాడు. మన లైనులో కూడిక పైన ఉంటుంది. దాని ఎడమ కొమ్మలో "ధర * 3", కుడి కొమ్మలో 5. గుణకారం ముందు, కూడిక తర్వాత అని మనం బళ్ళో నేర్చుకున్నది ఇక్కడ చెట్టు ఆకారంలోకి మారుతుంది. ఫస్ట్ సెట్లు, ఫాలో సెట్లు ఈ మెట్టుకి సంబంధించినవే. అయితే పరీక్షకి చదివే పట్టికల పద్ధతికీ, బయట వాడేదానికీ తేడా ఉంది. జీసీసీ 2004లో సీ ప్లస్ ప్లస్‌కి, 2006లో సీకి పాత పద్ధతి వదిలేసి చేత్తో రాసిన పార్సర్‌కి మారింది. క్లాంగ్‌లో మొదటినుంచీ చేత్తో రాసినదే. ఇలా రాస్తే ప్రతి నియమానికీ ఒక ఫంక్షన్ ఉంటుంది, అవి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. సీ వచ్చినవాడెవడైనా చదవగలడు. మావాడికి ఆ ఫైలు తెరిచి చూపిస్తే "ఇంతేనా!" అన్నాడు.

ఇక్కడో చిన్న మాట. వ్యాకరణం అనగానే మనవాళ్ళు పాణినిని తలుచుకుంటారు. తప్పులేదు. ప్రోగ్రామింగ్ భాషల వ్యాకరణం రాసే పద్ధతికి పాణిని పేరు కూడా చేర్చాలని 1967లో పీటర్ ఇంగర్‌మన్ అనే ఆయన నిజంగానే సూచించాడు. కానీ "నాసావాళ్ళు సంస్కృతంలో ప్రోగ్రాములు రాస్తున్నారు" అనే ఫార్వర్డులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి మూలం 1985లో రిక్ బ్రిగ్స్ రాసిన ఒక వ్యాసం. అందులో ఉన్నది అర్థాన్ని కంప్యూటర్లో ఎలా నిలవచెయ్యాలనే చర్చ. సంస్కృతంలో కోడు రాయడం కాదు. ఆ ఫార్వర్డులు పంపే సమయంలో పదోవంతు ఒక పార్సర్ చదవడానికి పెడితే పాణిని కూడా సంతోషిస్తాడని నా నమ్మకం.

సరే, చెట్టు తయారైంది. ఇప్పుడు అర్థం చూసే మెట్టు. "ధర" అనే పేరు ఎక్కడైనా ప్రకటించారా? అది అంకెనా, స్ట్రింగా? అంకె అయితే ఎంత పెద్దది? సీ, జావా లాంటి భాషల్లో మనల్ని రోజూ విసిగించే ఎర్రర్లలో చాలావరకు పుట్టేది ఇక్కడే.

తర్వాతది నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు. చెట్టుని నేరుగా చిప్ భాషలోకి మార్చొచ్చు. కానీ పది భాషలు, ఎనిమిది రకాల చిప్‌లు ఉంటే ఎనభై కంపైలర్లు రాయాలి. మా మానుకోటలో రైలెక్కి హైదరాబాద్ పోవాలన్నా, ఢిల్లీ పోవాలన్నా దారులు చీలేది కాజీపేట దగ్గర. ప్రతి ఊరి నుంచి ప్రతి ఊరికీ విడిగా పట్టాలు వెయ్యలేదు కదా. కంపైలర్లో ఆ కాజీపేట పేరు మధ్యంతర రూపం. అందరూ ఐఆర్ అంటారు. భాషలన్నీ ఐఆర్‌కి వస్తాయి, ఐఆర్ నుంచి ఒక్కో చిప్‌కి ఒక్కో దారి. ఎనభై బదులు పద్దెనిమిది ముక్కలు రాస్తే సరిపోతుంది. 2000లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ లాట్నర్, విక్రమ్ ఆద్వే మొదలుపెట్టిన ఎల్ఎల్‌వీఎం ఈ పద్ధతికి పెద్ద ఉదాహరణ. 2003లో మొదటి విడుదల. ఇవాళ క్లాంగ్, రస్ట్, స్విఫ్ట్, జూలియా అన్నీ ఆ జంక్షన్ మీదుగానే వెళ్తున్నాయి.

ఐఆర్‌లో మన లైను ఇలా ఉంటుంది (కొంచెం సులువు చేసి రాస్తున్నా):

త1 = ధర * 3
త2 = త1 + 5

ఇక్కడ నియమం ఒక్కటే. ఒక పేరుకి ఒక్కసారే విలువ ఇవ్వాలి. రెండోసారి కావాలంటే కొత్త పేరు పెట్టుకోవాలి. దీనివల్ల ఏ విలువ ఎక్కడ పుట్టింది, ఎక్కడ వాడారు అన్నది వెతుక్కోకుండానే తెలిసిపోతుంది.

ఈ ఐఆర్ మీద ఆప్టిమైజేషన్ పాస్‌లు నడుస్తాయి. పాస్ అంటే ఐఆర్‌ని తీసుకుని, ఏదో ఒక్క రకం మార్పు చేసి, మళ్ళీ ఐఆర్‌నే ఇచ్చే చిన్న ప్రోగ్రామ్. ధర 40 అని ముందే తెలిస్తే ఒక పాస్ మొత్తం లెక్క ఇక్కడే చేసి 125 అని రాసేస్తుంది. ఎవరూ వాడని విలువని ఇంకో పాస్ ఊడ్చేస్తుంది. ఇలాంటివి పదులకొద్దీ ఉంటాయి. ప్రతి పాస్‌కీ ఒకటే షరతు. ప్రోగ్రామ్ అర్థం మారకూడదు. చెప్పడానికి తేలిక గానీ, కంపైలర్ రాసేవాళ్ళకి నిద్ర లేకుండా చేసేది ఈ షరతే.

చివరి మెట్టు చిప్ భాష. "ధర * 3 + 5" అంటే ఒక గుణకారం, ఒక కూడిక అనుకుంటాం. ఇంటెల్ చిప్ మీద కంపైలర్ దీన్ని లీ అనే ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో కానిచ్చెయ్యొచ్చు. అసలు అడ్రసులు లెక్కగట్టడానికి పెట్టిన ఇన్‌స్ట్రక్షన్ అది. ధరకి రెండు ధరలు కలిపి, దానికి 5 కలపమంటే చేసేస్తుంది. గుణకారమే అక్కర్లేదు. ఆ తర్వాత ఏ విలువ ఏ రిజిస్టర్లో ఉండాలో తేల్చాలి. 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ చిప్‌లలో మామూలు పనులకి చాలాకాలంగా ఉన్నవి పదహారు రిజిస్టర్లే. మన ఫంక్షన్లో విలువలేమో వందలు. పెళ్ళింట్లో పదహారు మంచాలు వేసి వందమంది చుట్టాల్ని పడుకోబెట్టడం లాంటిది ఈ పని. (పైథాన్ సాధారణంగా ఇంత దూరం రాదు. బైట్‌కోడ్ దగ్గర ఆగుతుంది, దాన్ని ఇంటర్‌ప్రెటర్ నడిపిస్తుంది.)

అంతే కంపైలర్. ప్రతి మెట్టూ లోతైనదే, కాదనను. కానీ ఒక మెట్టు మీద పనిచేసేవాడికి మిగతావి పైపైన తెలిస్తే చాలు. రిజిస్టర్ల పని చేసేవాడు పార్సర్ ముఖం చూసి ఏళ్ళయి ఉంటుంది.

ఇప్పుడు నా సంగతి. కొన్నేళ్ళ క్రితం సీ ప్లస్ ప్లస్‌లో పనిచేసేటప్పుడు, ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తే మా ప్రోగ్రామ్ తప్పు లెక్కలిచ్చేది, ఆపేస్తే సరిగ్గా ఇచ్చేది. టీమందరి ముందూ "ఇది కంపైలర్ బగ్" అని ప్రకటించేశాను. రెండు రోజులు ఐఆర్ ముందేసుకుని కూర్చున్నాక తేలిందేంటంటే, నేనొక వేరియబుల్‌కి విలువ ఇవ్వకుండానే వాడుతున్నాను. కంపైలర్ దాని నియమాల ప్రకారమే నడుచుకుంది. పరువు పోయింది. కానీ ఐఆర్ చదవడం వచ్చేసింది. నా కెరీర్లో అంత లాభసాటి అవమానం ఇంకోటి లేదు.

ఆ ధైర్యంతోనే ఒక కంపైలర్ ప్రాజెక్టుకి (పేరు అనవసరం) నా మొదటి మార్పు పంపాను. ఒక ఎర్రర్ మెసేజ్ తికమకగా ఉంటే సరిచేశాను. మొత్తం పద్నాలుగు లైన్లు. వెంటనే తీసుకుంటారనుకున్నా. ఒక రివ్యూయర్ అడిగింది ఒకటే ప్రశ్న: "నీ మార్పు లేకపోతే ఫెయిలయ్యి, ఉంటే పాసయ్యే టెస్టు ఏది?" నా దగ్గర లేదు. మొదట కోపమొచ్చింది, పద్నాలుగు లైన్లకి ఇంత రాద్ధాంతమా అని. టెస్టు రాయబోతే తెలిసింది, నా మార్పు ఒక సందర్భంలో తప్పు మెసేజ్ ఇస్తోంది. మూడుసార్లు తిరగరాశాను. అయిదు వారాలు పట్టింది. చివరికి ఎక్కినదాంట్లో సగానికి పైగా టెస్టులే.

అప్పుడర్థమైంది వాళ్ళ చాదస్తం ఎందుకో. నా ఆఫీసు ప్రోగ్రామ్‌లో బగ్ ఉంటే మా కస్టమర్ ఒకడు తిడతాడు. కంపైలర్లో బగ్ ఉంటే ఏ తప్పూ చెయ్యనివాళ్ళ ప్రోగ్రాములు కూడా తప్పు లెక్కలిస్తాయి. బ్యాంకుదీ, ఆస్పత్రిదీ, అన్నీ. పైగా వాళ్ళు తమ కోడులో వెతుక్కుంటూ ఉంటారు, అక్కడ ఏమీ దొరకదు. ఫుల్‌స్టాప్ మార్పుకీ, టెస్టుతో వచ్చే పద్నాలుగు లైన్లకీ ఉన్న తేడా ఇదే. మొదటిది రివ్యూయర్ సమయం తినేస్తుంది. రెండోది ఆయన భారం కొంచెం దించుతుంది.

"ఇవన్నీ అమెరికావాళ్ళ పనులు" అనేవాళ్ళ కోసం ఒక ఉదాహరణ. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో రామకృష్ణ ఉపద్రష్ట గారి కంపైలర్ల బృందం ఉంది. ఐఆర్2వెక్ అనే పద్ధతిని వీళ్ళు, తోటి పరిశోధకులు కలిసి తయారుచేశారు. పైన చెప్పిన ఐఆర్‌ని అంకెల వరసలుగా, అంటే వెక్టర్లుగా మారుస్తుంది. ఏ ఇన్‌స్ట్రక్షన్, ఏ రకం, ఏ విలువ ఎక్కణ్ణుంచి ప్రవహించి వచ్చింది అన్నవన్నీ ఆ అంకెల్లోకి చేరతాయి. ఆ అంకెలు చూసి, ఈ ప్రోగ్రామ్‌ని సీపీయూ మీద నడపాలా, జీపీయూ మీద నడపాలా లాంటి నిర్ణయాలు మెషీన్ లెర్నింగ్ తీసుకోగలదు. 2020లో పేపరుగా వచ్చింది. 2025లో ఎల్ఎల్‌వీఎం అసలు కోడులోకే చేరింది. పేపర్ నుంచి కోడు దాకా అయిదేళ్ళు! తొందరపడేవాళ్ళు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి.

ఇక మన భాష సంగతి. తెలుగులో ప్రోగ్రాములు రాయాలని నేను ఉద్యమం చెయ్యబోవట్లేదు. కానీ మన డేటాలో, స్ట్రింగులలో, కామెంట్లలో తెలుగు వస్తూనే ఉంటుంది. అక్కడ కంపైలర్లు ఎలా ప్రవర్తిస్తున్నాయో చూసేవాళ్ళు కావాలి. "తెలుగు" అనే మాట పొడవెంత? పైథాన్ 6 అంటుంది, గో 18 అంటుంది, స్విఫ్ట్ 3 అంటుంది. మూడూ కరెక్టే. ఒకటి యూనికోడ్ సంకేతాలు, ఒకటి బైట్లు, ఒకటి మనం కంటితో చూసే అక్షరాలు లెక్కబెడుతున్నాయి.

లెక్సర్ దగ్గర ఇంకా తమాషాగా ఉంటుంది. పైథాన్ 3 వచ్చిన 2008 నుంచి అందులో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. రస్ట్‌లో 2021 నుంచి. "పైకం" అని పేరు పెట్టారనుకోండి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే. పైథాన్ రెండిటినీ ఒకే రూపానికి తెచ్చి ఒకే వేరియబుల్‌గా చూస్తుంది. ఎవరో ముందే ఆలోచించి పెట్టారు. బాగుంది. మరి "సాఫ్ట్‌వేర్" అని పెడితే? ఆ ట్ తర్వాత కనపడని నాన్ జాయినర్ ఒకటుంటుంది. అది లేకపోతే "సాఫ్ట్వేర్" అని వత్తు పడిపోతుంది. పైథాన్ దాన్ని చూడగానే, కనపడని అక్షరం చెల్లదు అని ఎర్రర్ ఇస్తుంది. తెలుగు టైపు చేసే మనకి అది సహజమైన అక్షరం. దాన్ని ఒప్పుకోవాలా వద్దా అనేది నిజంగా చర్చించాల్సిన విషయం. ఒప్పుకుంటే కంటికి ఒకేలా కనపడే రెండు వేర్వేరు పేర్లతో మోసం చెయ్యొచ్చు. ఒప్పుకోకపోతే మన మాటలు సరిగ్గా రాయలేం. నాకైతే ఒప్పుకోకపోవడమే మేలనిపిస్తుంది, కానీ ఆ ఎర్రర్ ఇంకొంచెం అర్థమయ్యేలా ఉండాలి. మీ అభిప్రాయం వేరే కావచ్చు. ఆ చర్చలో తెలుగు వచ్చినవాడు ఒక్కడైనా ఉండాలి కదా?

ఎర్రర్ వచ్చినప్పుడు తప్పు కింద చూపించే బాణం గుర్తు ఉంటుంది చూశారా? తెలుగు స్ట్రింగ్ ఉన్న లైనులో ఏదైనా తప్పు చేసి మీ కంపైలర్లో, మీ టెర్మినల్లో ప్రయత్నించండి. చాలాసార్లు బాణం పక్కకి జరిగి ఇంకెవరినో చూపిస్తుంది. సంకేతాల సంఖ్యకీ, తెర మీద పట్టే వెడల్పుకీ పొంతన లేక. చిన్న విషయమే. కానీ మన లిపిని పరీక్షించేవాళ్ళు లేకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో చూశాం. "జ్ఞా"లో ఆ కనపడని అక్షరమే చేరిన ఒక రూపం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెలలోనే 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. అది కంపైలర్ తప్పు కాదు, అక్షరాలు చూపించే కోడుది. పాఠం మాత్రం ఒకటే. మన అక్షరాలకి టెస్టులు మనం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

"ఇప్పుడు ఏఐ ఉంది కదా, అదే రాసిపెడుతుంది" అని మావాడు కూడా అన్నాడు. రాస్తుంది. నేనూ వాడతాను, తెలియని కోడు చదివేటప్పుడు బాగా సాయపడుతుంది. కానీ రివ్యూయర్ "ఇలా ఎందుకు?" అని అడిగితే జవాబు చెప్పాల్సింది నువ్వు. ఆ ప్రశ్నని కూడా దానికే అతికించి, అదిచ్చింది తెచ్చి ఇక్కడ పెడితే, నువ్వు చేసింది ఫుల్‌స్టాప్ పనే. కాకపోతే కొంచెం పొడుగు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పేది ఇది.

మొదట చూడండి. పైథాన్‌లోనే టోకెనైజ్, ఏఎస్‌టీ, డిస్ అనే మూడు మాడ్యూళ్ళున్నాయి. మీ సొంత లైను ఇచ్చి టోకెన్లు, చెట్టు, బైట్‌కోడ్ వరసగా చూసుకోవచ్చు. సీ అయితే మ్యాట్ గాడ్‌బోల్ట్ 2012లో మొదలుపెట్టిన కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ ఉంది. బ్రౌజర్ చాలు.

తర్వాత మీ మెషీన్‌కి తగ్గది ఎంచుకోండి. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఎల్ఎల్‌వీఎం డీబగ్ బిల్డ్ పెడితే లింకింగ్ దగ్గర ప్రాణం పోతుంది. రిలీజ్ బిల్డే పెట్టి, అసర్షన్లు ఆన్ చేసి, ఒకే చిప్ ఎంచుకుని, లింకింగ్ పనులు ఒక్కొక్కటిగా నడిచేలా చెయ్యండి. అది కూడా కష్టమైతే పైథాన్‌తో మొదలుపెట్టండి, చాలా తేలిగ్గా బిల్డ్ అవుతుంది.

మూడోది, కోడు కన్నా ముందు టెస్టులు చదవండి. టెస్టు అంటే, ఇది ఇస్తే అది రావాలి అనే చిన్న ఒప్పందం. ఆ ఫోల్డర్ చదివితే ఆ మెట్టు ఏం చేస్తుందో తెలిసిపోతుంది.

నాలుగోది, పెద్ద బగ్‌ని చిన్నది చెయ్యడం. ఎవరో అయిదు వందల లైన్ల ప్రోగ్రామ్ ఇచ్చి కంపైలర్ క్రాష్ అవుతోందని రాస్తారు. దాన్ని ఒక్కో లైనూ తీసేస్తూ, క్రాష్ మాత్రం పోకుండా, పది లైన్లకి తేవడం. సీ-వైజ్, ఎల్ఎల్‌వీఎం-రెడ్యూస్ లాంటి పనిముట్లు సాయం చేస్తాయి. ఒక్క లైను కంపైలర్ కోడు రాయకపోయినా ఇది నిజమైన పని. సరిచేసేవాడికి సగం పని తగ్గిపోతుంది.

ఆఖరుది ఓపిక. ఎల్ఎల్‌వీఎంవాళ్ళు రివ్యూకి స్పందన రాకపోతే వారానికోసారి మర్యాదగా గుర్తుచెయ్యమని వాళ్ళ నియమాల్లోనే రాసుకున్నారు. గంటకోసారి కాదు.

మావాడికి ఇదంతా చెప్పి, రెజ్యూమేలో ఆ ఫుల్‌స్టాప్ లైను తీసెయ్యమన్నాను. ముఖం మాడ్చుకున్నాడు. ప్లేస్‌మెంట్ల కంగారు వాడిది, నాకు తెలుసు. ఇంటర్వ్యూలో "నువ్వు చేసిందేంటో చెప్పు" అని అడిగితే ఏం చెబుతావురా అంటే మాత్రం మాట్లాడలేదు.

సంక్రాంతికి ఫోన్ చేశాడు. ఎవరో రిపోర్ట్ చేసిన ఒక క్రాష్‌ని తీసుకుని, నాలుగు రోజులు కూర్చుని పదకొండు లైన్లకి తెచ్చాడట. ఏ పాస్ దగ్గర పోతోందో కూడా కనుక్కుని రాశాడట. ఆ బగ్ ఇంకా తెరిచే ఉంది, ఎవరూ సరిచెయ్యలేదు.

"అవతలాయన థాంక్స్ అని పెట్టిండు మామా. నేనే సరిచెయ్యనా అని అడగనా?"

"ఆ పాస్ ఏం చేస్తదో నాకు చెప్పు ముందు" అన్నాను.

ఇరవై నిమిషాలు చెప్పాడు. మధ్యలో రెండుచోట్ల తప్పు చెప్పి, తనే దిద్దుకున్నాడు.

అడగమన్నాను.